యూఏఈ, ఒమాన్: పక్కపక్కనే ఉన్న రెండు ఎడారి దేశాల్లో ఆర్థికం, సమాజం, బతుకు (చర్చా వేదిక పోస్టులు; ప్రతి పోస్టు పైన రాసినవారి పేరు)

తీరరేఖ

యూఏఈ తలసరి ఆదాయం సుమారు 50 వేల డాలర్లు, ఒమాన్‌ది 20 వేల పైచిలుకు. ఈ రెండంకెలు చూపించి "దుబాయ్ రెండున్నర రెట్లు మెరుగు" అని తేల్చేస్తున్నారు చాలామంది. జీతానికి వెళ్ళేవాడికి ఆ అంకెలు దారి చూపించవు. రెండు దేశాలకూ ఒకే రుబ్ అల్ ఖాలీ ఎడారి, ఒకే హజర్ కొండలు, ఒకే ఎండ. అయినా రెండు చోట్లా బతుకు వేరుగా ఉందంటే కారణం మరొక అంకెలో ఉంది.

యూఏఈ జనాభా కోటి దాటింది. అందులో పౌరులు ఇంచుమించు పదిమందిలో ఒకరు. ఒమాన్ జనాభా 50 లక్షల పైన, అందులో సగానికి మించి ఒమానీలే. అంటే యూఏఈ బయటివాళ్ళ శ్రమ మీదా, బయటివాళ్ళ కొనుగోళ్ళ మీదా నడిచే నగరాల దేశం. ఒమాన్ సొంత పల్లెలు, సొంత రైతులు, జాలర్లు, సొంత నిరుద్యోగులు ఉన్న దేశం. పెట్రోలు ధర, టాక్సీ నడిపేదెవరు, ఏ ఉద్యోగానికి వీసా దొరుకుతుంది, చివరికి తాగునీటి పథకం కూడా ఈ తేడా నుంచే వచ్చాయి. ఒక్కో విషయం తెలిసినవాళ్ళు వివరాలు రాయండి. "నాకు అది నచ్చింది" తరహా మాటలు వద్దు.

బ్యారెల్ లెక్క

చమురుతో మొదలుపెడతాను, తక్కినవన్నీ దాని వెనకే వస్తాయి.

అబుదాబి తొలి ఎగుమతి 1962లో, దాస్ దీవి నుంచి. ఒమాన్ తొలి ఎగుమతి 1967లో. ఐదేళ్ళ తేడా పెద్దదేం కాదు. నిల్వల్లో తేడా మాత్రం చాలా పెద్దది: యూఏఈకి సుమారు 11,100 కోట్ల బ్యారెళ్ళు, ఒమాన్‌కు 500 కోట్ల చుట్టుపక్కల. యూఏఈ నిల్వల్లో 90 శాతానికి పైగా ఒక్క అబుదాబివే. దుబాయ్‌ది మొదటి నుంచీ చిన్న వాటా, అందుకే అది రేవు, విమానాశ్రయం, వ్యాపారం, రియల్ ఎస్టేట్ పట్టుకుంది. 2009లో దుబాయ్ ప్రభుత్వ కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పు తీర్చలేక తలకిందులైనప్పుడు ఆదుకున్నది అబుదాబి ఇచ్చిన 1,000 కోట్ల డాలర్లు. కాబట్టి "దుబాయ్ చమురు లేకుండా ఎదిగింది" అనే మాటలో సగమే నిజం. పక్కింట్లో చమురున్న అన్న ఉన్నాడు.

ఒమాన్ చమురు తీయడమే కష్టం. చిన్న చిన్న క్షేత్రాలు, చాలాచోట్ల బంకలాంటి చిక్కటి చమురు. ముఖైజ్నా, కర్న్ ఆలం లాంటి చోట్ల భూమిలోకి ఆవిరి పంపి పలచబరిస్తే తప్ప పైకి రాదు. ఆవిరి పుట్టించడానికి గ్యాస్ కాల్చాలి. ఆ గ్యాస్ కరెంటుకూ, ఎల్ఎన్జీ (ద్రవరూప గ్యాస్) ఎగుమతికీ కూడా కావాలి. ఆ గ్యాస్ మిగుల్చుకోవడానికే అమల్ క్షేత్రంలో సూర్యరశ్మితో ఆవిరి చేసే ప్లాంటు కట్టారు. పాత బావుల్లో చమురు కంటే నీళ్ళే ఎన్నో రెట్లు ఎక్కువ వస్తాయి. నిమ్ర్ దగ్గర ఆ నీళ్ళను రోజుకు లక్ష ఘనపు మీటర్లకు పైగా రెల్లు మడుల్లోకి వదిలి శుద్ధి చేస్తున్నారు. ఇదంతా ఖర్చే. అందుకే ధర పడిపోయినప్పుడు ఒమాన్‌కు తగిలే దెబ్బ యూఏఈకి తగిలే దానికంటే లోతుగా ఉంటుంది.

2014 తర్వాతా, 2020లోనూ అదే జరిగింది. 2020లో ఒమాన్ ప్రభుత్వ అప్పు జీడీపీలో 70 శాతం దగ్గరికి వెళ్ళింది. సుల్తాన్ హైతమ్ వచ్చాక ఖర్చు బిగించారు, 2021 ఏప్రిల్‌లో 5 శాతం వ్యాట్ పెట్టారు. 2024కల్లా అప్పు 35 శాతం చుట్టుపక్కలకు దిగింది, అదే ఏడాది సెప్టెంబర్‌లో రేటింగ్ సంస్థ ఎస్ అండ్ పీ మళ్ళీ పెట్టుబడి స్థాయి రేటింగ్ ఇచ్చింది. నాలుగేళ్ళలో ఇంత దించడం గొప్ప విషయమే. కానీ ఆ ఏళ్ళలో కాంట్రాక్టు కంపెనీలకు బిల్లులు ఆలస్యమయ్యాయి, ఆ భారం కూలీల జీతాల మీద పడింది.

సోహార్ రేవు

పై పోస్టుకు ఒక చేర్పు, భూగోళం గురించి. యూఏఈ పెద్ద రేవులు జెబెల్ అలీ, ఖలీఫా రెండూ గల్ఫ్ నుంచి బయటి సముద్రానికి ఉన్న సన్నటి దారి, హోర్ముజ్ జలసంధికి లోపల ఉన్నాయి. ఒమాన్ రేవులు సోహార్, దుక్మ్, సలాలా మూడూ బయట ఉన్నాయి. హోర్ముజ్‌లో ఉద్రిక్తత వచ్చినప్పుడల్లా యూఏఈ సరుకుకు బీమా ఖర్చు పెరుగుతుంది. అందుకే అబుదాబి 2012లో హబ్షాన్ నుంచి ఫుజైరాకు పైపు వేసింది, దాని సామర్థ్యం రోజుకు 15 లక్షల బ్యారెళ్ళు. ఇప్పుడు సోహార్ నుంచి అబుదాబికి 238 కిలోమీటర్ల హఫీత్ రైలు మార్గం కడుతున్నారు. యూఏఈకి బయటి సముద్రం కావాలి, ఒమాన్‌కు సరుకు కావాలి. దుక్మ్‌లో కువైట్ భాగస్వామ్యంతో రోజుకు 2,30,000 బ్యారెళ్ళ రిఫైనరీ 2024లో లాంఛనంగా ప్రారంభమైంది. ఫిట్టర్లు, వెల్డర్లు, స్కాఫోల్డర్లు వెతికే ఉద్యోగాలు ఈ సోహార్–దుక్మ్ వరసలోనే ఎక్కువ. అవి మస్కట్‌కు దూరం. దుక్మ్ అయితే 500 కిలోమీటర్ల పైనే. ఆఫర్‌లో "ఒమాన్" అని మాత్రమే ఉంటే సైటు ఏ ఊళ్ళో అని తప్పక అడగండి.

జగిత్యాల రాజన్న

అందరూ పెద్ద లెక్కలు చెప్పిన్రు. నేను జీతం కాగితం సంగతి చెప్త.

మొదటిది, రియాల్ మోసం. ఏజెంటు "దుబాయ్‌ల 1,000 దిర్హాములు, ఒమాన్‌ల రియాల్ పెద్దది, 100 రియాళ్ళు" అంటడు. రెండూ డాలర్‌కు కట్టేసిన కరెన్సీలే. డాలర్‌కు 3.6725 దిర్హాములు, ఒక రియాల్‌కు 2.6 డాలర్లు. అంటే ఒక రియాల్ 9.55 దిర్హాములు. 100 రియాళ్ళంటే 955 దిర్హాములే. రియాల్ పెద్దదని జీతం పెద్దది కాదు. రెండు దేశాలల్ల కూడా బయటోళ్ళకు కనీస వేతనం అంటూ చట్టంల లేదు. ఒమాన్‌ల 325 రియాళ్ళ కనీస వేతనం ఉన్నది గానీ అది ఒమానీలకే.

రెండోది, మూల వేతనం. సర్వీసు డబ్బులు (పని ఇడిచి వచ్చేటప్పుడు ఇచ్చే సొమ్ము) లెక్కగట్టేది బేసిక్ మీద, మొత్తం జీతం మీద కాదు. 1,200 బేసిక్ ఉన్నోనికి యూఏఈల మొదటి ఐదేండ్లు ఏడాదికి 21 రోజుల జీతం, ఆ తర్వాత 30 రోజులు. రోజుకు 40 దిర్హాములు, 21 రోజులకు 840. మూడేండ్లకు 2,520 దిర్హాములు. ఒమాన్‌ల 2023 జూలైల వచ్చిన కొత్త కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి ఒక నెల బేసిక్. 120 రియాళ్ళ బేసిక్ ఉంటే మూడేండ్లకు 360 రియాళ్ళు, అంటే దాదాపు 3,440 దిర్హాములు. ఇంచుమించు ఒకే జీతం మీద తొమ్మిది వందల తేడా, ఒమాన్‌దే ఎక్కువ. దీని జాగల యజమాని నెలనెలా బేసిక్‌ల 9 శాతం జమ చేసే పొదుపు పథకం తెస్తమని కూడా ఒమాన్ చట్టం చేసింది, అమలు వాయిదాలు పడుకుంట వచ్చింది.

ఎక్కడ దెబ్బ తింటరంటే, కాంట్రాక్టుల 1,200ను 600 బేసిక్, 600 అలవెన్స్ అని చీలుస్తరు. చేతికి వచ్చేది అంతే గనుక ఎవ్వరూ పట్టించుకోరు. తిరిగొచ్చేటప్పుడు సర్వీసు డబ్బులు సగమైతయి. యూఏఈల ఏడాది నిండకపోతే ఆ డబ్బులే రావు. కాంట్రాక్టు అయిపోయిన 14 రోజులల్ల లెక్క తేల్చి ఇయ్యాలె.

కోనసీమ వాణి

రాజన్న గారూ, చాలా అవసరమైన వివరం రాశారు. ఉద్యోగం మారడం గురించి కూడా ఎవరైనా చెప్తారా? పాతకాలం కబుర్లు చెప్పి భయపెడుతున్నారు ఏజెంట్లు.

జగిత్యాల రాజన్న

చెప్త వాణమ్మా. ఒమాన్‌ల 2021 జనవరి దాక కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, ఇయ్యకపోతే దేశం ఇడిచిపోయి రెండేండ్లు ఆగాలె. దాన్ని తీసేసిన్రు. ఇప్పుడు కాంట్రాక్టు గడువు అయిపోతే వేరే యజమాని దగ్గరికి మారొచ్చు. కానీ అసలు అడ్డం వేరే ఉన్నది. కొత్త యజమానికి ఆ పనికి విదేశీయులను పెట్టుకునే అనుమతి ఉండాలె. ఒమానైజేషన్ (కొలువులు ఒమానీలకే ఇచ్చే పద్ధతి) లెక్కల ఆ పని మూసేసి ఉంటే కాగితం కదలది. 2018 జనవరిల 87 వృత్తులకు కొత్త వీసాలు ఆపిన్రు గదా, సేల్స్, హెచ్ఆర్, ఐటీ పనులు శానా అండ్లనే ఉన్నయి.

యూఏఈల 2022 ఫిబ్రవరి నుంచి కాంట్రాక్టులన్నీ గడువున్నయే. నోటీసు 30 నుంచి 90 రోజులు. ప్రొబేషన్ ఎక్కువల ఎక్కువ ఆరు నెలలు. ప్రొబేషన్ల ఉండంగ ఇంకో కంపెనీకి మారితే నెల ముందు నోటీసు ఇయ్యాలె, తెచ్చిన ఖర్చు కొత్త కంపెనీ పాతదానికి కట్టాలె. దేశం ఇడిచి పోతే 14 రోజుల నోటీసు సాలు.

ఆజాద్ వీసా మాట మాత్రం ఎవ్వరు చెప్పినా నమ్మకుండ్రి. వీసా ఒకరిది, పని ఇంకొకరి దగ్గర, అంతే అది. యూఏఈల 2024 ఆగస్టు నుంచి అట్ల పనిల పెట్టుకున్నోనికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల జుర్మానా. అందుకే తనిఖీ వస్తున్నదంటే ముందు పనోణ్ణి బయటికి దొబ్బుతరు. వాడు ఖల్లివెల్లి, అంటే కాగితాలు లేనోడు, అయితడు.

ఎన్నారై టాక్స్ రవి

పన్ను సంగతి క్లుప్తంగా. రెండు దేశాల్లోనూ ఇప్పటికి వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. ఒమాన్ 2028 జనవరి నుంచి ఏడాదికి 42,000 రియాళ్ళు దాటిన ఆదాయం మీద 5 శాతం వేస్తుంది. గల్ఫ్ దేశాల్లో ఈ పన్ను పెడుతున్న మొదటి దేశం అదే. ఆ పరిమితి నెలకు 3,500 రియాళ్ళు, కాబట్టి కార్మికులకు ఏమీ తగలదు, పెద్ద మేనేజర్లకూ డాక్టర్లకూ తగులుతుంది. యూఏఈ 2023 జూన్ నుంచి 3,75,000 దిర్హాములు దాటిన లాభం మీద 9 శాతం కంపెనీ పన్ను తెచ్చింది. వ్యాట్ రెండు చోట్లా 5 శాతమే.

మస్కట్ మాధవి

ఇంటి ఖర్చు గురించి. పెట్రోలు ధరను ఒమాన్ 2021 అక్టోబర్ స్థాయిలో కట్టేసింది: ఎం95 లీటరు 239 బైసాలు, ఎం91 అయితే 229. వెయ్యి బైసాలు ఒక రియాల్. యూఏఈ 2015 ఆగస్టులోనే ధరల నియంత్రణ ఎత్తేసి నెలనెలా మారుస్తోంది. ఒమాన్ ఎందుకు తెరవలేదంటే బండి నడిపేవాళ్ళలో ఎక్కువమంది సొంత పౌరులు, పల్లెల్లో మరో రవాణా లేదు. దుబాయ్‌లో మెట్రో ఉంది, బస్సులున్నాయి, కారు లేకుండా బతకొచ్చు. మస్కట్ కొండలకూ సముద్రానికీ మధ్య పొడుగ్గా సాగిన ఊరు, మువాసలాత్ సిటీ బస్సులున్నా కారు లేకపోతే రోజు గడవడం కష్టం. అద్దె మస్కట్‌లో తక్కువ కదా అని లెక్క వేసేవాళ్ళు కారు ఖర్చు కలపడం మరిచిపోతారు.

దుబాయ్ అద్దెలో దాగిన ఖర్చులు: ఏడాది అద్దె ముందు తేదీల చెక్కులుగా ఇవ్వాలి, ఎన్ని తక్కువ చెక్కులకు ఒప్పుకుంటే అద్దె అంత తగ్గించమని అడగొచ్చు. ఇజారీ అనే అద్దె ఒప్పందపు రిజిస్ట్రేషన్ లేకపోతే కరెంటు కనెక్షన్ నుంచి కుటుంబ వీసా వరకు ఆగిపోతాయి. ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు దేవా (కరెంటు, నీళ్ళ) బిల్లులో నెలనెలా కలిసి వస్తుంది. ఇల్లు చూపించేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు.

వైద్య బీమా: 2025 జనవరి 1 నుంచి యూఏఈ అన్ని ఎమిరేట్లలోనూ యజమాని బీమా కట్టడం తప్పనిసరి, ప్రాథమిక పాలసీ ఏడాదికి 320 దిర్హాముల నుంచి. అది యజమాని బాధ్యత, జీతంలో కోయకూడదు. దీనికి తోడు ఉద్యోగం పోతే ఇచ్చే బీమా 2023లో వచ్చింది. బేసిక్ 16,000 దిర్హాముల లోపు అయితే నెలకు 5 దిర్హాములు మనమే కట్టుకోవాలి, ఉద్యోగం పోతే మూడు నెలల వరకు బేసిక్‌లో 60 శాతం వస్తుంది. ఇది కట్టకపోతే జరిమానా, చాలామంది పర్మిట్ రెన్యువల్ దగ్గరికి వెళ్ళాక గానీ తెలుసుకోరు.

నల్గొండ నరేశ్

మస్కట్‌ల టాక్సీ డ్రైవర్ కొలువు ఉన్నదని ఒక ప్రకటన తిరుగుతున్నది. నిజమేనా?

మస్కట్ మాధవి

కాదండి నరేశ్ గారూ. ఒమాన్‌లో టాక్సీ నడపడం ఒమానీలకే కేటాయించిన పని. దుబాయ్ టాక్సీల్లో విదేశీయులే నడుపుతారు. అది చూసి అదే ప్రకటనలో ఊరి పేరు మార్చి పెట్టి ఉంటారు. ఎవరికీ డబ్బు ఇవ్వకండి.

తీరరేఖ

మొదట చెప్పిన అంకె, పౌరుల వాటా, మళ్ళీ ఇక్కడే కనిపిస్తోంది. ఒమానీ యువత ఉద్యోగాలు లేక 2011లో సోహార్‌లో వీధుల్లోకి వచ్చింది, 2021 మేలో మళ్ళీ వచ్చింది. 2011లో సుల్తాన్ ఖాబూస్ 50,000 ఉద్యోగాలు ప్రకటించాల్సి వచ్చింది. 1970లో ఆయన గద్దె ఎక్కేనాటికి దేశం మొత్తంలో మూడు బడులు ఉండేవి. ఇప్పుడు చదువుకున్న పిల్లలు ఏటా వేలల్లో బయటికొస్తున్నారు. టాక్సీ, చేపల వేట, దుకాణం లెక్కలు వాళ్ళకు కేటాయించడంలో న్యాయం ఉందనే నేను అనుకుంటాను. 2024 నుంచి ప్రతి ఒమానీ బిడ్డకు నెలకు 10 రియాళ్ళు, 60 దాటిన వృద్ధులకు 115 రియాళ్ళు ఇస్తున్నారు. అప్పు తీరుస్తూనే ఇది మొదలుపెట్టారు.

యూఏఈలో అదే ఒత్తిడి వేరే రూపంలో ఉంది. 50 మందికి పైగా ఉన్న ప్రైవేట్ కంపెనీలు నైపుణ్యం కావలసిన కొలువుల్లో ఏటా 2 శాతం ఎమిరాతీలను (సొంత పౌరులను) పెంచుకుంటూ 2026 చివరికి 10 శాతానికి చేర్చాలి. చేర్చకపోతే ఖాళీకి నెలకు ఇంత అని జరిమానా. అది ఆఫీసు ఉద్యోగాలకు తగులుతుంది, తాపీ పనికి తగలదు.

కోనసీమ వాణి

ఈ రెండు దేశాల మధ్య సరిహద్దు మన గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడవాళ్ళ బతుకులతో ఎలా ఆడుకుంటోందో రాస్తాను, ఇది అందరికీ తెలియాలి.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస అనుమతి ఉంటేనే పనికి వెళ్ళగలిగే రకం. యూఏఈ, ఒమాన్ రెండూ ఈసీఆర్ జాబితాలోని 18 దేశాల్లో ఉన్నాయి. ఇంటి పనికి వెళ్ళే ఈసీఆర్ మహిళకు 30 ఏళ్ళు నిండాలి, భారత ప్రభుత్వ పోర్టల్ ఈమైగ్రేట్‌లో కాంట్రాక్టు నమోదు కావాలి, ప్రభుత్వ సంస్థ ద్వారానే వెళ్ళాలి. ఈ నిబంధనలు తప్పించుకోవడానికి బ్రోకర్లు విజిట్ వీసా మీద యూఏఈకి పంపుతారు. విజిట్ వీసాకు ఈసీఆర్ క్లియరెన్స్ అక్కర్లేదు. అక్కడ ఆఫీసులో కూర్చోబెట్టి, రోడ్డు మార్గాన సరిహద్దు దాటించి ఒమాన్ ఇళ్ళకు అప్పగిస్తారు. మన ప్రభుత్వ రికార్డులో ఆమె విజిటర్. ఒమాన్ వెళ్ళినట్టు ఎక్కడా ఉండదు. ఫోన్ తీసేసుకుంటే ఏ దేశంలో ఉందో ఇంట్లోవాళ్ళకు కూడా తెలియదు.

చట్టంలోనూ తేడా ఉంది. యూఏఈలో ఇంటి పనివాళ్ళకు 2022 నాటి ప్రత్యేక చట్టం ఉంది: రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో 8 వరసగా, వారానికి ఒక జీతపు సెలవు, ఏడాదికి 30 రోజులు. ఒమాన్ 2023 కార్మిక చట్టం పరిధిలో ఇంటి పనివాళ్ళు లేరు. రాజన్న గారు చెప్పిన సర్వీసు లెక్క ఖాదిమా (ఇంటి పనిమనిషి) వీసా మీద వెళ్ళినవాళ్ళకు వర్తించదు.

విజిట్ వీసా గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హాములు, ఒమాన్‌లో రోజుకు 10 రియాళ్ళు. మూడు నెలలు దాటితే ఒమాన్‌లో 900 రియాళ్ళు. ఇంటి నుంచి పారిపోయి ఎంబసీకి చేరినా ఈ జరిమానా తేలకుండా ఔట్‌పాస్ (ఎంబసీ ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద కూడా బయటికి పంపరు. బ్రోకర్లు ఆ జరిమానా పేరు చెప్పి భయపెట్టి ఆ ఆడవాళ్ళను పనిలో ఉంచుతారు. క్షమాభిక్ష ప్రకటించినప్పుడు మాత్రం జరిమానా మాఫీ అవుతుంది. యూఏఈ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ వరకు ఇచ్చింది. అలాంటి వార్త వచ్చిన రోజే ఆ కుటుంబాలకు చేరవేయండి.

నీటిపాయ

నీళ్ళ గురించి ఎవరూ రాయలేదు. ఎడారి దేశాల పోలిక అది లేకుండా ఎలా?

ఒమాన్‌లో సుమారు మూడు వేల ఫలజ్‌లు ఇంకా పారుతున్నాయి. కొండ పాదంలో భూగర్భ జలం తగిలే వరకు తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి సన్నటి వాలుతో సొరంగం తీసి పల్లెకు తెస్తారు. పంపు లేదు, కరెంటు లేదు. పల్లెలో మొదట తాగునీరు, తర్వాత మసీదు, స్నానాలు, ఆ తర్వాత ఖర్జూర తోటలు. తోటలకు వంతులు అథర్ లెక్కన, ఒక అథర్ సుమారు అరగంట. ఆ వాటాలు అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు, వారసులకు రాయొచ్చు. నిజ్వాలోని ఫలజ్ దారిస్‌తో కలిపి ఐదింటిని యునెస్కో 2006లో గుర్తించింది.

ఫలజ్‌లో ఉన్న మేలు ఏమిటంటే అది భూమి ఇచ్చినంతే ఇస్తుంది. జలమట్టం తగ్గితే పారుదల తగ్గుతుంది, ఊరు సర్దుకుంటుంది. బోరు అలా కాదు, అనంతపురంలో అయినా ఒమాన్ బాతినా తీరంలో అయినా ఇంకా లోతుకు పోతుంది. 1970ల తర్వాత బాతినాలో డీజిల్ పంపులు పెరిగి మంచినీళ్ళు తోడేసరికి సముద్రపు ఉప్పునీరు లోపలికి వచ్చింది. ఖర్జూరం కొంత ఉప్పు తట్టుకుంటుంది, నిమ్మ తట్టుకోదు. తీరానికి దగ్గరి తోటలు ఎండిపోయాయి. సరిహద్దుకు అటువైపు అల్ ఐన్ ఫలజ్‌లదీ అదే గతి, సహజ పారుదల ఆగి ఇప్పుడు బావుల నీటితో నింపుతున్నారు.

నగరాలకు రెండు చోట్లా సముద్రపు నీళ్ళే ఆధారం. అబుదాబిలోని తవీలా రివర్స్ ఆస్మోసిస్ ప్లాంటు ఒక్కటే రోజుకు 9,09,200 ఘనపు మీటర్లు ఇస్తుంది. ఇది ఎక్కడ చెడుతుందంటే, 2008–09లో ఎర్రటి నాచు రెండు దేశాల తీరాల్లోనూ నెలల తరబడి పెరిగింది. ఆ జిగురు ముందు ఫిల్టర్లను, ఆ వెనుక ఉప్పు వడకట్టే పొరలను పూడ్చేసి ప్లాంట్లు ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత కట్టిన ప్లాంట్లలో గాలి బుడగలతో నాచును పైకి తేల్చి తీసే తొట్లు ముందు పెడుతున్నారు. 2007లో గోను తుఫానుకు గుబ్రా, బర్కా ప్లాంట్లు ఆగి మస్కట్ రోజుల తరబడి నీళ్ళకు అల్లాడింది. అబుదాబి ఇలాంటి రోజు కోసమే లివా ఇసుక కింద 2.6 కోట్ల ఘనపు మీటర్ల శుద్ధజలం నింపి పెట్టుకుంది.

సోహార్ రేవు

వానల గురించి ఒక్కమాట. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు పడింది. దుబాయ్ మునగడానికి కారణం ఊరంతా చదును, చాలా రోడ్లకు వాననీటి కాలువలే లేవు. ఒమాన్‌లో అదే వారం విద్యార్థులతో సహా ఇరవై మంది దాకా చనిపోయారు, ఎక్కువగా వాదీలు (కొండవాగులు) పొంగి. ఇప్పుడు ఎండిపోయి ఉన్న వాదీ కొండల్లో వాన పడితే నిమిషాల్లో పొంగుతుంది. ఒమాన్‌లో బండి నడిపేవాళ్ళు రోడ్డు పక్కన ఎరుపు–తెలుపు గుర్తు స్తంభాలు చూసి, నీళ్ళు ఎరుపు దాకా వస్తే ఆగిపోవాలి.

ఎండ విరామం: యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:00. ఒమాన్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో 12:30 నుంచి 3:30. ఒమాన్‌లో రోజుకు అరగంట ఎక్కువ, యూఏఈలో సెప్టెంబర్ మొదటి సగం అదనం. సెప్టెంబర్‌లో తీరం వెంట తేమ ఎక్కువ, వడదెబ్బకు అవకాశమూ ఎక్కువే. ఒమాన్ ఆ పదిహేను రోజులు కూడా కలపాలి.

జగిత్యాల రాజన్న

పోయేటోళ్ళకు ఆఖరుకు ఇది రాసిపెట్టుకోండ్రి. ఏజెంటు లైసెన్సు నంబరు ఈమైగ్రేట్‌ల కొట్టి చూడుండ్రి, గడువు ఉన్నదా, రద్దయ్యిందా తెలుస్తది. చట్టం ప్రకారం ఫీజు 30,000 రూపాయలు, మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. అంతకు మించి అడిగితే రసీదు అడుగుండ్రి. ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375, కవరేజీ 10 లక్షలు. కాంట్రాక్టుల బేసిక్ ఎంతో అంకెల్ల, అక్షరాలల్ల రెండు తీర్ల ఉండాలె. సైటు ఊరి పేరు ఉండాలె. వీసా కాగితం మీది కంపెనీ పేరు, కాంట్రాక్టు మీది పేరు అక్షరం కూడా తేడా ఉండద్దు. ఒమాన్ కాంట్రాక్టు అయితే వృత్తి పేరు చూసుకోండ్రి, మీరు వెల్డర్ అయ్యి కాగితం మీద క్లీనర్ అని ఉంటే అక్కడ మారనిస్తరన్న నమ్మకం లేదు. వాటి ఫోటోలు తీసి ఇంట్ల ఒకరి ఫోన్ల పెట్టిపోండ్రి.